పొట్టు పిండిలా రాలుతోందంటే ఇంజిన్ ఆపేయండి

చైన్ సాతో మొద్దు కోసేటప్పుడు కింద రాలే పొట్టును ఒకసారి గుప్పిట్లోకి తీసుకుని చూడండి. అటుకుల్లా రేకులు రేకులుగా ఉంటే చైన్ బాగున్నట్టు. పిండిలా మెత్తగా ఉంటే మాత్రం ఇంకొక్క కోత కూడా కోయకుండా ఇంజిన్ ఆపేయాలి. ఎందుకంటే పదును పోయిన చైన్ చెక్కలోకి దానంతట అది దిగదు, మనమే బలం పెట్టి నొక్కుతాం, నొక్కేకొద్దీ నడుము, మణికట్టు అలిసిపోతాయి, పట్టు సడలుతుంది, నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం అలాంటి సమయంలో తగిలినవే.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరి, జీడిమామిడి తోటలు ఏమయ్యాయో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. పడిన చెట్లు తీస్తే గానీ తోటలోకి అడుగు పెట్టలేం, కోత మిషన్ అద్దెకు దొరకడమే గగనమైపోయింది. ఆ తర్వాతే 18 అంగుళాల బార్ (చైన్ దీని చుట్టూనే తిరుగుతుంది) ఉన్న 58 సీసీ మిషన్ ఒకటి కొన్నాను. పెట్రోలు పోయడం, తాడు లాగడం, అప్పటికి నాకు తెలిసింది అంతే.

మొదటిసారి పదును పోతే టౌన్‌లో ఒక షాపులో ఇచ్చాను. గ్రైండర్ మీద ఐదు నిమిషాల్లో సాన పట్టి ఇచ్చేశాడు. ఇంటికొచ్చి చూస్తే పళ్ళ అంచులు నీలం రంగు తిరిగి ఉన్నాయి. ఆ రంగు వచ్చిందంటే ఉక్కు వేడికి కాలి గుణం పోయినట్టే అని నాకు అప్పటికి తెలియదు. ఒక్క జీడిమామిడి మోడు కోసేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పట్నుంచి నా చైన్ ఎవరి చేతికీ ఇవ్వలేదు, ఆకురాయితో నేనే పట్టుకుంటున్నాను.

గుండ్రటి ఆకురాయి కొనేటప్పుడు చైన్ పిచ్, అంటే లింకుల మధ్య దూరం అంగుళాల్లో ఎంతో చూసుకోవాలి. నాది .325 పిచ్, దానికి 4.8 మిల్లీమీటర్లది కావాలి. చిన్న మిషన్లకు వచ్చే 3/8 పిచ్ ‘లో-ప్రొఫైల్’ (ఎత్తు తక్కువ) చైన్‌కు 4 మిల్లీమీటర్లది. సైజు తప్పితే ఎంతసేపు రుద్దినా పదును రాదు, పంటి ఆకారం పాడవుతుంది, అంతే.

పని మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి, చేతికి గ్లౌజు వేసుకుని, బార్‌ను వైస్‌లో బిగిస్తాను. వైస్ లేనివాళ్ళు మొద్దులో ఒక గాటు పెట్టి బార్‌ను అందులో ఇరికించినా కదలదు. ఏ పంటితో మొదలుపెట్టానో మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటాను. ఇక ఆకురాయి, బార్‌కు అడ్డంగా గీసిన గీత నుంచి 30 డిగ్రీలు ఏటవాలుగా, పంటి లోపలి వైపు నుంచి బయటికి మాత్రమే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే ఆకురాయి కూడా త్వరగా పోతుంది. ఆకురాయి మందంలో ఐదో వంతు పంటి పైఅంచుకు పైన కనిపిస్తూ ఉండాలి. ఒక్కో పంటికి మూడు తోపులు, బాగా మొద్దుబారితే ఐదు, కానీ లెక్క మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి. నా చైన్‌లో 36 పళ్ళు, ఒక వైపు 18 అయ్యాక అటు తిరిగి కూర్చుని మిగతా 18. పదునెక్కిన పంటి అంచు వెలుతురులో మెరవదు, తెల్లగా సన్నటి గీతలా మెరుస్తోందంటే అక్కడ ఇంకా మొద్దుగా ఉందన్నమాట. నేను పొద్దున్న ఎండలో అరుగు మీద కూర్చుని చేసేది అందుకే.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. ప్రతి పంటి ముందూ ఒక చిన్న బొడిపె ఉంటుంది, డెప్త్ గేజ్ అంటారు, పన్ను చెక్కలోకి ఎంత లోతు దిగాలో అదే చెబుతుంది. పళ్ళు అరిగేకొద్దీ బొడిపె వాటి ఎత్తుకు వచ్చేస్తుంది, అప్పుడు ఎంత పదునున్నా చైన్ చెక్క మీద జారుతుందే తప్ప కోయదు. నాలుగైదు సార్లకు ఒకసారి చదును ఆకురాయితో దాన్ని కొంచెం తగ్గించాలి, పంటికన్నా 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటే చాలు. మా చిన్నాన్న కొడుకు తొందరపడి ఎక్కువ తగ్గించేశాడు, మిషన్ చెక్కను ఒక్కసారిగా పట్టేసి వాడి చేతుల్ని ముందుకు లాగింది. దానికి కొలత పట్టీ దొరుకుతుంది, కంటి అంచనాతో చేయకండి.

కొబ్బరి మాను బయటి పొర రాయిలా ఉంటుంది, లోపల మెత్తన, పదును తినేసేది ఆ బయటి పొరే. దానికితోడు మా నేల ఇసుక. కోత చివర చైన్ కొన ఒక్క క్షణం నేలకు తగిలినా ఇందాక చెప్పిన 36 పళ్ళూ మళ్ళీ పట్టాల్సిందే, అందుకే దుంగ కింద ఎప్పుడూ ఒక చెక్క ముక్క పెడతాను. కంచె కట్టిన పాత చెట్లైతే ముందు మేకులు వెతకండి.

మిగతా సంరక్షణ పెద్ద పనేం కాదు. బార్ గాడిలో నూనెతో కలిసి గట్టిపడిన పొట్టును సన్నటి రేకుతో గీకేయాలి, బార్‌ను అప్పుడప్పుడు తలకిందులు చేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపాలి. నా మిషన్‌కు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్, మీ మిషన్ పుస్తకంలో ఎంతుంటే అంత. ఇప్పుడొచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది, అందుకే వారాల తరబడి పని లేకపోతే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి పెట్టండి. లేకపోతే తాడు లాగి లాగి భుజం పడిపోవడమే. పని అయ్యాక చైన్ వేడి మీద సాగి ఉంటుంది, చల్లారితే బిగుసుకుంటుంది కాబట్టి కొంచెం వదులు చేసి పెట్టాలి.

నిన్న కొలిచి చూస్తే నా చైన్‌లో ఎడమ పళ్ళు కుడివాటికన్నా పొట్టిగా ఉన్నాయి, కోత వంకర పోతున్నది అందుకే. రేపు పొద్దున్న అన్నిటికన్నా చిన్న పన్ను వెతికి, మిగతావన్నీ దాని పొడవుకు తీసుకురావాలి.