కాండిన్‌స్కీ వలయాలు, మంగళగిరి ముక్కలు

గోడకు తగిలించే చిన్న క్విల్ట్ (గుడ్డముక్కలు కలిపి, పొరలుగా కుట్టే బొంత లాంటిది) ఒకటి కుట్టాలనుకున్నప్పుడు నేను ఎంచుకున్నది రష్యన్ చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ 1913లో వేసిన బొమ్మ. అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు, మొత్తం 12 గళ్లు. ఒక్కో గడిలో ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు. కాఫీ కప్పుల మీద, ఫోన్ కవర్ల మీద కూడా కనిపించే ఈ బొమ్మను ఆయన పూర్తిస్థాయి చిత్రంగా వేయలేదు. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే కంటికి ఎలా ఆనుతుందో చూసుకోవడానికి కాగితం మీద చేసుకున్న పరీక్ష అది. ఇప్పుడు మ్యూనిక్‌లోని లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది. సైజు ఏ4 కాగితం కన్నా కొంచెమే పెద్దది. ఆయనకే అది ప్రయోగం అయినప్పుడు నాకెందుకు టెన్షన్ అనిపించింది.

గడి 4 అంగుళాలు అనుకుంటే మొత్తం 16 బై 12 వస్తుంది. చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి చదరాలను నాలుగున్నర అంగుళాలకు కోశాను. లెక్కల పని అంతే.

అసలు పనంతా గుడ్డల దగ్గరే. పోచంపల్లి ఇక్కత్ ముక్కలు ఇంట్లో చాలా ఉన్నాయి గానీ వాడలేదు. ఆ డిజైన్‌కు ఉన్న బలం ఎంతంటే, గుండ్రంగా కోస్తే కన్ను వలయాన్ని వదిలేసి దాని వెంటే పోతుంది. సాదా మంగళగిరి కాటన్ సరిగ్గా కుదిరింది. అందులోనూ పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన రకం. అటు నుంచి చూస్తే ఒక ఛాయ, ఇటు నుంచి చూస్తే ఇంకో ఛాయ. కాగితం మీద కుంచె జాడ చేసే పనిని ఇక్కడ నేతే చేసిపెడుతుంది. మిగతా రంగుల కోసం మా వీధి టైలర్‌ని అడిగితే జాకెట్లలో మిగిలిన ముక్కలు ఓ సంచీడు ఇచ్చాడు. "ఇవేం చేసుకుంటారమ్మా, దిండులో కూరడానికా?" అన్నాడు. ఆ సంచీలో కనకాంబరం, చిలకపచ్చ, వంకాయ రంగు, మెంతి రంగు, రాణీ పింక్, నెమలికంఠం అన్నీ ఉన్నాయి. చీరల కొట్లో పుట్టిన ఈ పేర్లే నాకు రంగుల పట్టిక అయ్యాయి. కాండిన్‌స్కీ రంగుల్ని అచ్చంగా వెతుక్కుంటూ పోలేదు.

ముందు అన్నిటినీ విడివిడిగా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, తడి ముక్క మీద తెల్లగుడ్డ పెట్టి గట్టిగా నొక్కి చూశాను. ఉప్పు వేస్తే రంగు ఆగుతుందంటారు, నేను దాన్ని నమ్ముకోలేదు. తెల్లగుడ్డకు అంటిన ముక్కల్ని, నీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ ఉతికాను.

రంగులు పేర్చేటప్పుడు బాగా పనికొచ్చింది ఫోన్ కెమెరా. ముక్కల్ని వరసగా పెట్టి ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడాలి. మామూలుగా కొట్టొచ్చినట్టు కనబడే ఎరుపు, ఆకుపచ్చ అందులో ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. రంగులు వేరైనా ముదురు, లేతల్లో తేడా లేకపోతే దూరం నుంచి వలయం వలయంగా తేలదు. అందుకే ప్రతి గడిలో కనీసం ఒక బాగా లేత రంగు, ఒక బాగా ముదురు రంగు ఉండేలా చూసుకున్నాను.

వలయాల్ని కంపాస్ లేకుండా కంటి అంచనాతోనే కత్తిరించాను. ఆయన వలయాలు కూడా ఎక్కడా కచ్చితంగా గుండ్రంగా ఉండవు, పెద్దవి గడి అంచుల్ని తన్నుకుంటుంటాయి. అంచులు మడవలేదు. గుండ్రంగా కోసినప్పుడు ఏటవాలుగా వచ్చిన చోట పోగులు పెద్దగా ఊడవు. పడుగు, పేక నేరుగా వచ్చే నాలుగు చోట్లే ఊడతాయి. అక్కడ కుట్టు కొంచెం లోపలికి వేసి, ఆ కుచ్చును అలాగే వదిలేశాను. పెద్ద వలయం మీద చిన్నది, దాని మీద ఇంకా చిన్నది పెడుతూ పోతే మధ్యలో సూది దిగదు. దానికి ఉపాయం, ఒక వలయం కుట్టగానే వెనక్కి తిప్పి, కుట్టు లోపల పావు అంగుళం వదిలి కింది గుడ్డను కత్తిరించేయడం. విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు.

లోపలికి పాలిస్టర్ దూది వద్దు, ఉబ్బుతుంది. మన బొంతల్లోలాగే పాత నూలుచీరను రెండు మడతలు వేశాను, గోడ మీద చదునుగా నిలుస్తుంది. మూడు పొరలకూ పెద్ద పెద్ద టాకాలు వేసి పట్టుకున్నాక, ఎంబ్రాయిడరీ దారంతో నడిపిన కుట్టే అసలు గీత అయింది. వలయం వెంటే కుట్టకుండా కొన్నిచోట్ల పక్క గడిలోకి దాటించాను. ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా కుడితే గుడ్డ అలలు తేలుతుంది కాబట్టి కుట్ల సాంద్రత మాత్రం అంతటా ఒకేలా ఉంచాను.

మా అమ్మ చూసి "ఇంత చిన్నది ఎవరు కప్పుకుంటారే?" అంది. ఫ్రాన్స్‌లో స్థిరపడిన చిత్రకారిణి సోనియా డెలానే 1911లో పసివాడైన తన కొడుకు కోసం గుడ్డముక్కలతో దుప్పటి కుట్టింది. ఆ ముక్కల అమరికే ఆమెను నైరూప్య చిత్రాల వైపు నడిపించింది. ఆ దుప్పటి ఇప్పుడు పారిస్‌లో పాంపిదూ సెంటర్ సేకరణలో ఉంది. ఇదంతా అమ్మకు చెప్పాను. "ఆ పిల్లాడన్నా కప్పుకున్నాడు కదా" అంది.

అంచుకు పైపింగ్ వేస్తే ఫ్రేములా కనిపిస్తుందని అది మానేసి, పట్టీని మొత్తం వెనక్కి మడిచి కుట్టాను. అంతకుముందు నీళ్లు చిలకరించి, థర్మోకోల్ పలక మీద గుండుసూదులతో లాగి ఆరబెట్టి, మూలలు సరిచేశాను. వెనక పైభాగాన గొట్టంలా ఒక పట్టీ కుట్టి, అందులో సన్నటి కర్ర దూర్చాను. ప్రస్తుతం హాల్లో ఎండ నేరుగా పడని గోడ మీద ఉంది. ఆ రాణీ పింక్ మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు.