పప్పులోకి కొంచెం, పెరుగులోకి కొంచెం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాగా చేస్తున్నాను. పొద్దున్నే మచ్చుకి తీసిన కాయలు చూడటంతో మొదలైన పని, కాటాలయ్యి, లెక్కలు రాసి, రైతులకు చీటీలు ఇచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్లో అయితే ఎప్పుడు తిన్నామో, ఏం తిన్నామో కూడా గుర్తుండదు. ఖాళీ కడుపు మీద రెండు టీలు, పదకొండింటికి వీలైతే ఒక ప్లేటు పూరీ, సాయంత్రం మిరపకాయ బజ్జీలు, రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరి ఆకలి కొద్దీ అన్నం. నలభై ఏడేళ్ళు వచ్చేదాకా నా తిండి ఇదే.

2024 నవంబరులో మా వీధిలో షుగర్ పరీక్షల క్యాంపు పెడితే రక్తం ఇచ్చి వచ్చాను. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3 అని రిపోర్టు వచ్చింది. అది 5.7 కన్నా తక్కువ ఉండాలి, 6.5 అయితే షుగర్ వచ్చినట్టే లెక్క. నా బరువు అప్పటికి 91 కిలోలు.

రిపోర్టు చూసిన డాక్టరు నెమ్మదిగానే చెప్పారు. ఇంకా షుగర్ రాలేదు, ఆరేడు కిలోలు తగ్గి రోజూ నడిస్తే రాకుండా ఆపుకునే వీలుంది, కంగారు పడొద్దు అన్నారు. నా చెవికి అదేదీ ఎక్కలేదు. నా కళ్ళ ముందు మా నాన్న కాలే ఉంది. పుండు మానక ఆయనకి కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు. మంచం మీద కూర్చుని కట్టు కట్టించుకుంటూ "తిండి దగ్గర అదుపు లేకపోయింది రా, అందుకే ఈ ఖర్మ" అనేవారు. జబ్బుతో పడ్డ బాధ ఒక ఎత్తు, అది తన తప్పేనని పడ్డ బాధ ఒక ఎత్తు. ఆయన ఎన్నడూ తాగలేదు, ఎవరికీ అన్యాయం చేయలేదు. పోయేదాకా దోషిలాగే బతికారు.

మర్నాటి నుంచి అన్నం మానేశాను. ఎవరూ చెప్పలేదు. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, ఒకదాంట్లోది ఒకటి, ఇంకోదాంట్లోది ఇంకోటి కలిపి నాకు నేనే పెట్టుకున్న నియమం. నూనె చుక్క లేదు, నెయ్యి లేదు. పొద్దున నిమ్మకాయ నీళ్ళు, మధ్యాహ్నం కీరా ముక్కలు, పల్చటి మజ్జిగ, రాత్రికి ఒక జామకాయ. ఒకరోజు మా అమ్మ ముద్దపప్పులో నెయ్యి వేసి కలిపి "ఒక్క ముద్ద తినరా" అని నోటి దాకా తెచ్చింది. చెయ్యి అడ్డం పెట్టాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఆ ముద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత నన్ను తినమనడం మానేసింది. తను కూడా నాకు కనపడకుండా వంటింట్లో కూర్చుని తినేది.

బరువు మాత్రం దిగింది. పదకొండు వారాల్లో 19 కిలోలు. యార్డులో అందరూ మెచ్చుకునేవాళ్ళే. "ఎట్లా తగ్గావన్నా, మాకూ చెప్పు" అని రైతులు కూడా అడిగేవాళ్ళు. నేను చెప్పేవాణ్ణి. అడగనివాళ్ళకి కూడా చెప్పేవాణ్ణి. మా కొట్టు దగ్గర ముఠా మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. నలభై కిలోల పైబడ్డ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పొద్దుటి నుంచి ఎత్తి దించే మనిషి. ఒక మధ్యాహ్నం ఆయన క్యారియర్ విప్పాడు. అడుగు గిన్నె నిండా అన్నం. "అన్నం విషం మేస్త్రీ, అంత తింటే ఎట్లా?" అన్నాను, నలుగురిలో. ఆయన ఏమీ అనలేదు. మూత పెట్టేశాడు. మర్నాటి నుంచి క్యారియర్ తీసుకుని లారీ వెనక్కి వెళ్ళి తినేవాడు. అప్పుడు నాకు అది గెలుపులా అనిపించింది. రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.

లోపల నా పరిస్థితి వేరు. ఎండలో కూడా చలి వేసేది. దువ్వెన నిండా వెంట్రుకలు. కళ్ళు మూసుకుని కూడే లెక్కలు రెండుసార్లు తప్పాయి. ఇంట్లో అందరి మీదా కసురుకోవడమే. ఇక రాత్రుళ్ళు. అందరూ పడుకున్నాక ఒంటిగంటకి లేచి వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి. లైటు వెయ్యకుండా అన్నం గిన్నె మూత తీసి, ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టి, నిలబడే కలుపుకుని తినేవాణ్ణి. రుచి తెలిసేది కాదు, ఆపడం చేతనయ్యేది కాదు. ఒకరోజు మా అమ్మాయి మంచినీళ్ళకి లేచి లైటు వేసింది. గిన్నెలో నా చెయ్యి, మోచేతి దాకా ఎర్రటి నూనె. తను ఏమీ అనకుండా లైటు తీసేసి వెళ్ళిపోయింది. మర్నాడు నన్ను నేను శిక్షించుకోవడానికి రోజంతా మంచినీళ్ళ మీదే ఉన్నాను. ఆ రాత్రి మళ్ళీ మామూలే.

ఫిబ్రవరి రెండో వారంలో మా అక్క కొడుకు పెళ్ళి. అక్క బతిమాలితే పంక్తిలో కూర్చున్నాను. గారెలు, పులిహోర, నెయ్యి, అన్నీ తిన్నాను. రెండు గంటల తర్వాత కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని సోడా తాగాను. తగ్గలేదు. నొప్పి వెనక్కి పాకి కుడి భుజం ఎముక దగ్గర పొడిచినట్టయింది. చొక్కా చెమటతో తడిసిపోయింది. కొత్తపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండె అనుకుని ముందు ఈసీజీ తీశారు, బాగానే ఉంది. పొద్దున స్కానింగులో తేలింది, పిత్తాశయం నిండా రాళ్ళు.

సర్జన్ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ మధ్య బరువేమన్నా తగ్గారా?" 19 కిలోలని గర్వంగానే చెప్పాను. ఎన్నాళ్ళలో అని అడిగి, విని తల పంకించారు. వారానికి కిలోన్నర మించి బరువు దిగితే ఈ రాళ్ళు వచ్చే అవకాశం బాగా పెరుగుతుందట. ఒంట్లో కొవ్వు వేగంగా కరుగుతుంటే కాలేయం పైత్యరసంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువగా వదులుతుంది. ఇంకోపక్క, మనం తిన్నదాంట్లో కాస్త నూనె, నెయ్యి ఉంటేనే పిత్తాశయం ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి పంపుతుంది. నేను చుక్క నూనె లేకుండా పదకొండు వారాలున్నాను. రసం కదలకుండా నిలవుండి, చిక్కబడి, రాళ్ళు కట్టింది. పెళ్ళి భోజనంతో ఒక్కసారిగా పిత్తాశయం గట్టిగా ముడుచుకునేసరికి ఒక రాయి దారికి అడ్డం పడింది. పాతవి కొన్ని ముందే ఉండి ఉండొచ్చు, అది మాత్రం ఇప్పుడు చెప్పలేం అన్నారు.

నాలుగు చిన్న గాట్లతో ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేశారు. రెండు రోజులు భుజం నొప్పి, ఆపరేషన్ కోసం కడుపులో నింపిన గ్యాస్ వల్లట. అది తప్ప పెద్ద కష్టమేమీ లేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఒక చిన్న సీసా ఇచ్చారు. పదిహేను రాళ్ళు, పసుపు కలిసిన గోధుమ రంగు, పెద్దది శనగగింజంత. మా అమ్మ ఆ సీసాని వెలుతురుకి పట్టి చూసి "ఇవా రా, ఇన్నాళ్ళూ నువ్వు తిన్నవి" అంది.

బతికి బయటపడ్డానన్న సంతోషం నిలవలేదు. పాత భయం అలాగే ఉంది, కొత్తగా నూనె అంటే ఇంకో భయం. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకోవాలన్నా టెన్షన్. పదో రోజు చెకప్‌కి వెళ్తే నా వాలకం చూసి సర్జనే డైటీషియన్ దగ్గరకి పంపారు.

పాతికేళ్ళ అమ్మాయి. ఏం మానేయమంటుందో రాసుకుందామని కాగితం, పెన్ను సిద్ధం చేసుకుని కూర్చున్నాను. "మీకు ఏం ఇష్టం సార్ తినడానికి?" అని అడిగింది. నాకు మాట రాలేదు. ఆ రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. దోసకాయ పప్పు అన్నాను. గోంగూర అన్నాను. అని కళ్ళు తుడుచుకున్నాను. ఆమె హడావుడి పెట్టలేదు. రాత్రుళ్ళ సంగతి కూడా ఆమెకే మొదటిసారి చెప్పాను. "పగలంతా కడుపు మాడ్చుకుంటే రాత్రి ఒళ్ళు అడుగుతుంది సార్. ఎవరికైనా అంతే. దానికి సిగ్గెందుకు?" అంది. మూడు పూటలా వేళకి తినడం మొదలుపెడితే చూద్దాం, అప్పటికీ ఆగకపోతే దానికోసం మాట్లాడే డాక్టర్లున్నారు, వెళ్దాం అంది.

రెండోసారి వచ్చేటప్పుడు ఇంట్లో అన్నం వడ్డించే హస్తం తెమ్మంది. తీసుకెళ్ళాను. మా ఇళ్ళల్లో భోజనం ఎలా ఉంటుందో నాకంటే ఆమే బాగా చెప్పింది. పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, పచ్చడిలోకి, చారులోకి, చివర పెరుగులోకి. ఒక్కోదానికీ రెండేసి హస్తాలు. కూర మాత్రం కంచంలో ఒక మూల నిమ్మకాయంత. "వీటిల్లో ఏదీ మానొద్దు. పప్పులోకి కొంచెం, చారులోకి కొంచెం, పెరుగులోకి కొంచెం, మొత్తం మూడు హస్తాలు అనుకుందాం. కూర మాత్రం రెండింతలు పెట్టించుకోండి. ముందు నాలుగు ముద్దలు ఉత్త కూరే తిని, తర్వాత అన్నం కలుపుకోండి" అంది. కూర, పప్పు ముందు కడుపులో పడితే అన్నంలోని చక్కెర రక్తంలోకి మెల్లగా ఎక్కుతుందట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లే ఉండాలని చెప్పారని బొమ్మ చూపించింది. మేం తినేది మా పక్కనున్న బాపట్లలో పుట్టిన సాంబ మసూరే. దాన్ని మార్చమని కూడా అనలేదు. ఆవకాయ గురించి నేనే అడిగాను. రోజుకి ఉప్పు మొత్తం 5 గ్రాములు దాటకూడదు కాబట్టి చిన్న చెంచాతో ఒక్కసారి వేసుకోండి, ఆ రోజు కూరలో ఉప్పు తగ్గించమనండి అంది.

పొద్దున యార్డుకి వెళ్ళేముందు ఏదో ఒకటి తినడం అన్నిటికన్నా కష్టమైంది. ఆరింటికి టిఫిన్ ఎవరు చేస్తారు? మా ఆవిడ తేలిక దారి చూసింది. రాత్రి అన్నం కాస్త మజ్జిగలో వేసి ఉంచితే పొద్దున ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం, పక్కన ఒక ఉడికించిన గుడ్డు. వారంలో రెండు రోజులు పెసరట్టు. మొదటి నెల వడ, బజ్జీ లాంటివి తింటే విరేచనాలయ్యేవి. పిత్తాశయం లేకపోతే కొందరికి కొన్నాళ్ళు అలా ఉంటుందని ముందే చెప్పారు. మెల్లగా సర్దుకుంది. పొద్దున కడుపులో ఏదో పడటం మొదలయ్యాక మూడో వారానికి రాత్రిళ్ళు మెలకువ రావడం తగ్గింది. ఎప్పుడు పూర్తిగా పోయిందో గుర్తు లేదు.

నాలాగే ఇంకొకరు చేయాలని ఇది రాయడం లేదు. షుగర్ మందులో ఇన్సులినో వాడేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు డాక్టర్ని అడక్కుండా తిండి మార్చకూడదు.

మే నెలలో ఇంకో పెళ్ళి. మూడు మాల్‌పూరీలు తిన్నాను. ఆ వారం డైటీషియన్ ముందు కూర్చుని "తప్పు చేశాను మేడమ్" అన్నాను. "బాగున్నాయా సార్?" అంది. బాగున్నాయన్నాను. "మరి తప్పెక్కడుంది? మర్నాడు పస్తున్నారా, ఎప్పట్లా తిన్నారా? అది చెప్పండి." ఎప్పట్లాగే తిన్నాను. ఆ రోజు ఆ ఒక్క మాటే ఫైలులో రాసుకుంది.

72కి దిగిన బరువు 80 దగ్గరకి వచ్చి ఆగింది. "ఏంటన్నా, మళ్ళీ ఒళ్ళు చేశావే" అన్నవాళ్ళు ఉన్నారు. మొదట్లో రెండు రోజులు నిద్ర పట్టేది కాదు. సెప్టెంబరులో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 5.8. గట్టు ఇంకా దాటలేదు, ఆ సంగతి నాకు తెలుసు. మధ్యాహ్నం తిన్నాక యార్డులో పది నిమిషాలు, సాయంత్రం వీలైతే ఎన్టీఆర్ స్టేడియంలో ఓ అరగంట నడుస్తున్నాను. రిపోర్టు వచ్చిన రోజు మా అమ్మ దోసకాయ పప్పు చేసింది. ఈసారి నేనే అడిగి ముద్ద పెట్టించుకున్నాను.

మేస్త్రీ సంగతి మాత్రం చాలా రోజులు మనసులో అలాగే ఉండిపోయింది. జనవరిలో కొత్త కాయ రావడం మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం నా క్యారియర్ పట్టుకుని లారీ వెనక్కి వెళ్ళాను. నన్ను చూసి ఆయన మూత మీద చెయ్యి పెట్టాడు. పక్కనున్న టిక్కీ మీద కూర్చుని "ఆ రోజు నేను అట్లా అనకూడదు మేస్త్రీ" అన్నాను.

ఆయన కాసేపు ఊరుకుని, "మీరు చదువుకున్నోరు, నిజమేనేమో అనుకున్నా గుమాస్తాగారూ. ఆ సీజనంతా మా ఆడమనిషి కట్టిచ్చిందాంట్లో సగం వెనక్కే తీసుకెళ్ళా. సాయంత్రానికి కాళ్ళు వణికేయి" అన్నాడు.

ఏమనాలో నాకు తోచలేదు. నా గిన్నెలోని బీరకాయ కూర సగం ఆయన మూతలో వేశాను. ఆయన తన అడుగు గిన్నె తెరిచాడు. అన్నం, గోంగూర పచ్చడి, రెండు ఉల్లిపాయ ముక్కలు. "మీరు తింటారా ఇది?" అని అడిగాడు.

"పెట్టు" అన్నాను.