ఎర్ర పెన్సిల్ గీతలు

తొమ్మిదో తరగతిలో నన్ను లేపి పాఠం చదివించినప్పుడల్లా తెలుగు మాస్టారు అనే మాట ఒకటే: "రైలేమన్నా తప్పిపోతోందట్రా?" ఓ రోజు నా పుస్తకం లాక్కుని వాక్యాల మధ్య ఎర్ర పెన్సిల్‌తో నిలువు గీతలు గీసిపారేశారు. ఒక గీత ఉంటే ఊపిరి పీల్చుకోవాలి. రెండు గీతలుంటే మనసులో మూడు దాకా లెక్కపెట్టాలి. కొత్త పుస్తకం పాడయిందని ఆ పూట ఏడుపొచ్చింది. ఇప్పుడు దయ్యాల కథలు రాసి, చదివి పొట్టపోసుకుంటున్నాను. నా స్క్రిప్టు ఏది తీసినా అవే గీతలు.

నీ వృత్తి గురించి రాయమని మన స్కూలు బ్యాచ్ వాళ్లు అడిగారు కాబట్టి రాస్తున్నాను. మొదటి ఆరేళ్లలో చెప్పుకోడానికేమీ లేదు. పగలు ఉద్యోగం, రాత్రి కథ, పంపినవన్నీ తిరుగుటపా. పాడ్‌కాస్ట్ (నెట్‌లో వినే ఆడియో కార్యక్రమం) అనే మాట 2004లో పుట్టింది. నేను దిగేసరికి అదీ పాతబడింది. నా తొలి ఎపిసోడ్ విన్నది పదకొండు మంది. అందులో నలుగురు మన బ్యాచే. మిగతా ఏడుగురూ ఎవరో ఇప్పటికీ తెలీదు. (హారర్ రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి!)

కాగితం మీద భయపెట్టడం వేరు, చెవిలో భయపెట్టడం వేరు. అసలు "భయం" అన్న మాటే మైక్‌కి పడదు. "భ" అనగానే గాలి వెళ్లి దబ్బున తగులుతుంది. మొహం కాస్త పక్కకి తిప్పి పలకాలి. నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోవాలని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. విరామం దగ్గర శబ్దం మొత్తం తీసేస్తే, ఫోన్ ఆగిపోయిందేమోనని వినేవాడు తెర వంక చూస్తాడు. అంతే, కట్టిందంతా కూలిపోతుంది. అందుకని ముందుగా అరనిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి, ఆ ముక్కని విరామాల కింద పరుస్తాను. ఎముక విరిగే చప్పుడుకి సెలెరీ అనే ఆకుకూర కాడలు విరిస్తే చాలు. రేడియో నాటకాల నాటి చిట్కా అది. హఠాత్తుగా కేక పెట్టించడం మాత్రం నాకు గిట్టదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాడు ఎగిరిపడతాడు, నిజమే. దాన్ని చెవిపోటు అనాలి గానీ భయం అనకూడదు. ఒకే ఒక్కసారి వాడాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చదివి వినిపించడం నేను కనిపెట్టిందేం కాదు. ఎం.ఆర్. జేమ్స్ అనే ఇంగ్లిషు పండితుడు కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో, క్రిస్మస్ వేళ, ఒక్క కొవ్వొత్తి ఉంచి మిగతావన్నీ ఆర్పి, తన దయ్యాల కథలు మిత్రులకి చదివేవాడట. ఆయన తొలి సంపుటి 1904లో వచ్చింది. ఆ వాక్యాలు పైకి చదివి చూడండి, ఎక్కడ ఆగాలో అవే చెబుతాయి.

పోయినేడు ధైర్యం చేసి మాస్టారికి ఒక ఎపిసోడ్ పంపాను. వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. దయ్యాల కథలేంట్రా అని తిడతారేమో అనుకున్నాను. చివరికి మెసేజ్ వచ్చింది:

"పన్నెండో నిమిషం. తలుపు తీసే ముందు రెండు గీతలు పడాలి. ఒకటే వేశావు."

మళ్లీ విన్నాను. ఒకటే వేశాను.