ఇంటి సర్వర్ డెబియన్ 12 నుంచి 13కి: ఈటీసీ ఫైళ్ల పని ఎంతవరకు వచ్చింది

యంత్రం: మియాపూర్ ఫ్లాట్‌లో టీవీ వెనక ఉండే మినీ పీసీ, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. నడిచేవి మూడే: ఫొటోలకు సాంబా (ఫైల్ షేరింగ్), ఇంజిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) మీద చిన్న పేజీ, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్). దీని ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ లినక్స్, అందులో 13 వచ్చింది 2025 ఆగస్టు 9న. ప్యాకేజీల సంగతి ఆప్ట్ (సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టూల్) చూసుకుంటుంది. ఈటీసీ ఫోల్డర్‌లో చేత్తో దిద్దిన కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ల సంగతే మనది.

బ్యాకప్: అయింది. ఈటీసీ ఫోల్డర్ మొత్తం టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి), సికింద్రాబాద్ సీటీసీలో కొన్న విడి ఎస్‌ఎస్‌డీలోకి. ఇది రూట్‌గానే (అన్ని హక్కులున్న అడ్మిన్ ఖాతాతో) చేయాలి, లేకపోతే షాడో (పాస్‌వర్డ్‌ల ఫైలు) లాంటి ఫైళ్లు టార్‌లోకి రావు. పైగా ఈటీసీకీపర్ కూడా వేశాం. అది ఈటీసీని గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టి, ఆప్ట్ నడిచే ముందూ తర్వాతా కమిట్ చేస్తుంది (అప్పటి స్థితిని నమోదు చేస్తుంది), పర్మిషన్లు కూడా విడిగా రాసిపెడుతుంది. అందులో పాస్‌వర్డ్ హ్యాష్‌లు, హోస్ట్ కీలు (సర్వర్ గుర్తింపు కీలు) ఉంటాయి కాబట్టి ప్రైవేట్ రిపో (ఆన్‌లైన్ గిట్ నిల్వ) అయినా బయటికి పుష్ చేయొద్దు.

మారిన ఫైళ్ల జాబితా: 'డెబ్‌సమ్స్ -సీఈ' చెప్తుంది, కానీ పూర్తిగా కాదు. సాంబా కాన్ఫిగ్‌ను చూసేది డీపీకేజీ (ఆప్ట్ కింద ప్యాకేజీలను నిజంగా ఇన్‌స్టాల్ చేసే టూల్) కాదు, యూసీఎఫ్ అనే వేరే టూల్. అందుకే ఆ ఫైలు ఈ జాబితాలో కనపడదు.

అసలు పని ఇక్కడుంది. అప్‌గ్రేడ్ మధ్యలో 'మీ ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా' అని డీపీకేజీ అడిగేది ఆ ఫైలును మనమూ మార్చి, ప్యాకేజీ వాళ్లూ మార్చినప్పుడే. కాబట్టి అసలు ఫైలును ముట్టుకోకుండా మన మార్పులు డ్రాప్-ఇన్ ఫోల్డర్‌లో (అసలు ఫైలుతో పాటు చదివే అదనపు ఫైళ్ల చోటు) పెడితే ప్రశ్నే రాదు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో ముందు చదివిన విలువే చెల్లుతుంది, ఆ ఫోల్డర్‌ను చదివించే ఇన్‌క్లూడ్ లైను అసలు ఫైలు పైభాగంలోనే ఉంటుంది, ఫోల్డర్‌లోని ఫైళ్లు పేర్ల వరుసలో చదవబడతాయి కాబట్టి మన ఫైలు పేరు 10తో మొదలు. సిస్‌సీటీఎల్‌లో (కెర్నల్ సెట్టింగులు) ఇది తిరగబడుతుంది, చివర చదివిందే చెల్లుతుంది కనుక అక్కడ 90.

ప్రశ్న వస్తే ముందు 'డీ' నొక్కి తేడా చూడాలి. ఊరికే ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది, కొత్తది డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో పక్కన పడుతుంది. క్షేమమే అనిపిస్తుంది గానీ, కొత్త వెర్షన్ తీసేసిన ఆప్షన్ పాత ఫైల్లో మిగిలితే సర్వీసు లేవకపోవచ్చు. 'వై' అంటే మనది డీపీకేజీ-ఓల్డ్‌గా మారుతుంది.

అప్‌గ్రేడ్ టీమక్స్ (కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టెర్మినల్ టూల్) లోపల నడపాలి. వానాకాలంలో కరెంటుకు నమ్మకం లేదు, ఇన్వర్టర్ మీద పీసీతో పాటు రౌటర్ కూడా ఉండాలి. మధ్యలో ఆగితే 'డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ'.

రీబూట్‌కు ముందు కాన్ఫిగ్‌లో తప్పులున్నాయేమో చూడాలి: 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ', 'ఇంజిన్‌ఎక్స్ -టీ', సాంబాకు 'టెస్ట్‌పార్మ్ -ఎస్'. ఇంకో ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ తెరిచే ఉంచాలి. ఇంజిన్‌ఎక్స్ సైట్స్-ఎనేబుల్డ్ ఫోల్డర్‌లో బ్యాకప్ కాపీలు పెట్టొద్దు. అక్కడ తోక ఏదైనా సరే అన్ని ఫైళ్లనూ చదివేస్తుంది, డూప్లికేట్ డిఫాల్ట్ సర్వర్ అని ఆగిపోవచ్చు.

మిగిలింది: సిస్‌సీటీఎల్.కాన్ఫ్‌ను 13లో సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులను లేపే ప్రోగ్రామ్) పట్టించుకోదు, అందులోని లైన్లు సిస్‌సీటీఎల్.డీలోకి మార్చాలి. ఆ తర్వాత డిస్ట్, ఓల్డ్ తోకలున్న ఫైళ్లన్నీ ఫైండ్‌తో వెతికి, ఒక్కోటీ డిఫ్ చూసి తీసేయాలి.