కారు ప్లాస్టిక్‌కి ఇంట్లో రంగు వేసే ముందు

టచింగ్ చేయించి ఏడాది తిరక్కుండానే బంపర్ మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయిన కార్లు మన విశాఖలో బోలెడు కనిపిస్తాయి. అడిగితే రంగు నాసిరకం అంటారు, లేదంటే ఉప్పుగాలి అంటారు. నాకైతే చాలాసార్లు తప్పు ఆ రెండింటిదీ కాదనిపిస్తుంది. కింద ఉన్న ప్లాస్టిక్‌ని ఎవరూ సరిగ్గా పట్టించుకోరు, దాన్ని రేకులాగే చూసి, పైపైన తుడిచి కొట్టేస్తారు.

బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో, అందులో కొంచెం రబ్బరు, టాల్క్ పొడి కలిపి చేస్తారు. ఈ పాలీప్రొపిలీన్ మీద ఏ జిగురూ, ఏ రంగూ మామూలుగా పట్టదు. ఫ్యాక్టరీల్లో ముందు దాని మీద మంట ఆడించో మరో పద్ధతిలోనో పైపొరని మార్చి, ఆ తర్వాతే రంగు వేస్తారు. మనకి ఇంట్లో ఆ సౌకర్యం లేదు కాబట్టి అడ్హీషన్ ప్రమోటర్ అనే, రంగు ప్లాస్టిక్‌ని పట్టుకునేలా చేసే పారదర్శకమైన స్ప్రే వాడాలి, కొన్ని షాపుల్లో ప్లాస్టిక్ ప్రైమర్ అన్నా ఇస్తారు, కానీ డబ్బా మీద పాలీప్రొపిలీన్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. సైడ్ మిర్రర్ కప్పులు మాత్రం ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్, దానికి రంగు తేలిగ్గానే పడుతుంది, అందుకే మొదటిసారి చేసేవాళ్లని మిర్రర్ కప్పులతోనే మొదలుపెట్టమంటాను. ఏది ఏ ప్లాస్టికో తెలుసుకోవాలంటే పార్ట్ ఊడదీసి లోపలివైపు చూడండి, చిన్న అక్షరాలతో అచ్చుపోసి ఉంటుంది. 'పీపీ ప్లస్ ఈపీడీఎం టీడీ20' లాంటిది కనిపిస్తే అది పాలీప్రొపిలీనే, ఈపీడీఎం అంటే అందులో కలిపిన రబ్బరు, 20 అంటే 20 శాతం టాల్క్ అని. నీళ్లలో వేసి తేలితే పాలీప్రొపిలీన్, మునిగితే ఏబీఎస్ అని కొందరు చెప్తారు గానీ టాల్క్ ఎక్కువ కలిసిన పాలీప్రొపిలీన్ కూడా మునగొచ్చు, దాన్ని నమ్ముకోకండి.

ఇక అసలు పని కడగడం. రంగు కొట్టడానికి పట్టే టైమ్ కంటే దీనికే చాలా ఎక్కువ టైమ్ పెట్టాలి. మన కార్ల మీద ఏమేం ఉంటాయో ఆలోచించండి: బీచ్ రోడ్డులో పార్క్ చేస్తే ఉప్పు పొర, వన్ టౌన్, జ్ఞానాపురం వైపు అయితే పోర్టు నుంచి వచ్చే నల్ల దుమ్ము, వీటన్నిటికీ పైన సర్వీసింగ్‌లో పూసిన పాలిష్. ఈ పాలిష్‌లలో సిలికాన్ ఉంటే అన్నిటికంటే ప్రమాదం అదే. కొంచెం మిగిలినా రంగు అక్కడక్కడా గుండ్రంగా విడిపోయి చిన్న గుంటలు పడతాయి, షెడ్డుల్లో ఫిష్ ఐ అంటారు దాన్ని. ఉప్పు మిగిలితే అది వెంటనే కనపడదు, తర్వాత పొర కింద తేమని లాక్కుని పొక్కులు లేపుతుంది. కాబట్టి ముందు సబ్బునీళ్లు, తర్వాత జిడ్డు తీసే డీగ్రీజర్, అది అయ్యాకే వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం పట్టాలి. కడక్కుండా రుద్దితే ఆ సిలికాన్‌ని మనమే గీతల్లోకి తోసినట్టు అవుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో చివరిసారి కడగడానికి ఆర్‌వో నీళ్లు వాడండి.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, చాలాకాలంగా పెయింటింగ్ చేస్తున్న మేస్త్రి, శుభ్రం అయిందో లేదో ఎలా తెలుస్తుందని నేను అడిగితే పార్ట్ మీద చెంబుడు నీళ్లు పోసి చూపించారు. "నీళ్లే చెప్తాయి బాబూ" అన్నారు. నీళ్లు పల్చని పొరలా అంతటా పరుచుకుని నిలబడితే శుభ్రం అయినట్టు, చుక్కలు చుక్కలుగా విడిపోయి జారిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టు, మళ్లీ కడగాలి. పాత రంగు ఉన్న చోట ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలీదు, రంగు లేని ఉత్త పాలీప్రొపిలీన్ మీద మాత్రం శుభ్రంగా ఉన్నా నీళ్లు చుక్కలు కట్టొచ్చు.

రుద్దడానికి ముతక కాగితం వద్దు. పాలీప్రొపిలీన్ మీద ముతకగా రుద్దితే నూగులా పోగులు లేస్తాయి, రంగు వేశాక అవి ఇంకా బాగా కనపడతాయి. 600 లేదా 800 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి, చేయి బరువు పెట్టకుండా రుద్దితే చాలు, మూలల్లో గ్రే స్కాచ్‌బ్రైట్. ఆ తర్వాత థిన్నర్‌తో తుడవకండి, ఏబీఎస్ అయితే సన్నగా పగుళ్లు కూడా వస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ వాడండి, పొడిగుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ మీద స్టాటిక్ పుట్టి గాల్లో దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది.

వాతావరణం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. స్ప్రే నుంచి సాల్వెంట్ ఆవిరవుతుంటే పార్ట్ పైభాగం చల్లబడుతుంది, మన గాల్లో ఉండే తేమ దాని మీద కూర్చుని రంగు పాలిపోయి తెల్లగా మబ్బు పట్టినట్టు అవుతుంది. వానాకాలంలో, అక్టోబరు నవంబరుల్లో తుపాన్లు తిరిగే రోజుల్లో అసలు మొదలుపెట్టొద్దు. మే నెల ఎండలో ఇంకో సమస్య, రంగు పార్ట్ మీద పడేలోపే సగం ఆరిపోయి గరుకుగా తయారవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరిపోయాక, సముద్రపు గాలి పుంజుకోకముందు, అంటే పొద్దున్న 10 నుంచి మధ్యాహ్నం దాకా నాకు నచ్చే టైమ్. ఫోన్‌లో వెదర్ యాప్ తెరిచి డ్యూ పాయింట్, అంటే గాల్లో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత, చూడండి, పార్ట్ ఉష్ణోగ్రత దానికంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, ఇంకా ఎక్కువ తేడా ఉంటే ఇంకా మంచిది. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద చేస్తే గాలి వాటం చూసుకోండి, పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద పడితే గొడవలు.

ప్రమోటర్ పల్చగా ఒకటో రెండో కోట్లు, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి, దాన్ని రుద్దకుండా నేరుగా పైన ప్రైమర్ లేదా రంగు. డబ్బా లోపల గోలీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు బాగా కుదపండి. 20, 25 సెంటీమీటర్ల దూరం నుంచి, పార్ట్ బయట మొదలుపెట్టి బయటే ఆపుతూ, ప్రతి వరస ముందు వరసని సగం కప్పేలా వెళ్లండి. మొదటి కోటు కింద ప్లాస్టిక్ కనపడుతూనే ఉండాలి, దాన్ని చూసి టెన్షన్ పడి ఎక్కువ కొడితే కారిపోతుంది. మెటాలిక్ రంగు అయితే పార్ట్ కారు మీద ఎలా నిలబడి ఉంటుందో అలాగే వేలాడదీసి కొట్టండి, పడుకోబెట్టి కొడితే అందులోని అల్యూమినియం రేకులు వేరేగా సర్దుకుని షేడ్ మారిపోయినట్టు కనపడుతుంది. కలర్ కోడ్ స్టిక్కర్ చూసి కలిపించిన రంగైనా ముందు ఒక అట్టముక్క మీద కొట్టి, ఎండలోనూ నీడలోనూ ఫెండర్ పక్కన పెట్టి చూడండి, ఎండకి పాలిపోయిన కారుకి కోడ్ ఒక్కటే సరిపోదు.

రంగు మీద చివర్లో వేసే పారదర్శకమైన పొర క్లియర్ కోట్, అందులో హార్డెనర్ కలిసి గట్టిపడే టూ కే స్ప్రేల గురించి మాత్రం నా అభిప్రాయం స్పష్టం: ఇంట్లో వద్దు. మెరుపు అద్భుతంగా వస్తుంది, పెట్రోలు పడినా చెక్కుచెదరదు, నిజమే. కానీ అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, పీలిస్తే జీవితాంతం ఉండే ఆస్తమా రావచ్చు, మనం కోవిడ్ రోజుల్లో వాడిన ఎన్95 మాస్క్ వాటి ఆవిరిని ఆపదు. పిల్లలూ పెద్దవాళ్లూ తిరిగే ఇంట్లో ఆ మెరుపు కోసం అంత రిస్క్ ఎందుకు? హార్డెనర్ లేని మామూలు వన్ కే క్లియర్ చాలు. దానికి కూడా సాల్వెంట్ ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకోండి. పెట్రోలు ట్యాంకు మూత ఒక్కటీ షెడ్డుకి ఇచ్చేయండి, వన్ కే మీద పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది. పెర్ల్ వైట్ కార్లవాళ్లు కూడా షెడ్డుకే వెళ్లండి, మూడు పొరల రంగు అది, డబ్బాతో కలవదు.

రంగు వేశాక ఒక రోజు ఆగి బిగించండి, వారం దాకా కడగొద్దు, వ్యాక్స్ అయితే నెల దాటాకే. ఆ వారంలో ఆర్కే బీచ్ వైపు వెళ్లాల్సి వస్తే కారుని కాస్త లోపలి వీధిలో ఆపి నడవండి.