పోర్టికోలో వీటెక్: పాత హోండా సిటీని ఇంట్లోనే బాగుచేసుకున్న అనుభవం

నా దగ్గరున్నది 2002 మోడల్ హోండా సిటీ, 1.5 వీటెక్. వీటెక్ అంటే ఆర్‌పీఎం పెరిగినప్పుడు ఇంజిన్ వాల్వుల్ని ఇంకా ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు. సిటీ పేరుతో మన దేశానికి 1998లో వచ్చిన తొలి తరం బండి ఇది. 2003లో కొత్త సిటీ రావడంతో దీని తయారీ ఆగిపోయింది. ఇంజిన్ 1,493 సీసీ. టర్బో లేదు. అయినా 6,800 ఆర్‌పీఎం దగ్గర 106 హార్స్‌పవర్ ఇస్తుంది. కాలేజీ రోజుల్లో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఈ బండి అందుకునే తీరు చూసి మనసు పారేసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఉద్యోగం వచ్చి, ఇల్లు కట్టుకుని, పోర్టికో అంటూ ఒకటి ఏర్పడ్డాక గుంటూరులో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను.

కొన్న దగ్గర్నుంచి స్నేహితులంతా ఒకటే అడిగారు: ఏం మోడిఫై చేయిస్తున్నావని. ఎయిర్ ఫిల్టరా, సైలెన్సరా, ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే రీమ్యాపింగా? నేను మొదట్నుంచీ ఒక మాట మీదే ఉన్నాను. ముందు కంపెనీ ఇచ్చిన 106 గుర్రాలు వెనక్కి రావాలి. ఇరవై ఏళ్ల బండిలో ఆ బలం ఎక్కడికీ పోదు. వాల్వుల్ని తెరిచే, సెట్టింగ్ తప్పిన టాపెట్లలో, పూడుకుపోయిన రేడియేటర్‌లో, ఎండి బీటలిచ్చిన రబ్బరులో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని బయటికి తీయకుండా పైపైన కొత్త సామాన్లు బిగిస్తే డబ్బు దండగ.

మొదటి వేసవిలోనే అసలు పేచీ బయటపడింది. పొద్దున తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్టయ్యేది. మధ్యాహ్నం ఎండలో గంటసేపు పెట్టి వస్తే సెల్ఫ్ తిరిగేదిగానీ ఇంజిన్ అందుకునేది కాదు. అద్దాలు దించి, తలుపులు తెరిచి కాసేపు ఆగితే మళ్లీ మామూలే. ఒక వర్క్‌షాప్‌లో ఫ్యుయల్ పంపు మార్చాలన్నారు. ఇంకోచోట డెల్కో, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, పోయిందన్నారు. రెండూ ఖరీదైన మాటలే. రెండింటికీ సరేననకుండా ఇంటికొచ్చి ముందు చెవి పెట్టి విన్నాను. ఈ బండిలో తాళం ‘ఆన్’లో పెట్టగానే చెక్ ఇంజిన్ లైటు రెండు సెకన్లు వెలిగి ఆరాలి. అదే సమయంలో వెనక ట్యాంకు వైపు నుంచి పంపు ‘జుయ్’ మంటూ రెండు సెకన్లు మోగాలి. ఎండలో కాగినప్పుడు లైటు వెలుగుతోంది, పంపు మాత్రం మోగట్లేదు. చల్లబడ్డాక రెండూ సరిగానే ఉన్నాయి. పంపే పోయి ఉంటే చల్లబడగానే ఇంత నిక్కచ్చిగా తిరిగి పనిచేయడం అరుదు. అనుమానం మెయిన్ రిలే మీదికి పోయింది.

డాష్‌బోర్డు కింద, చేతికి సరిగ్గా అందని చోట ఉండే చిన్న ప్లాస్టిక్ పెట్టె అది. ఇంజిన్ కంప్యూటర్‌కీ, పెట్రోలు పంపుకీ కరెంటు ఇచ్చేది ఇదే. ఒక్క బోల్టు విప్పి, మూత తీసి, లోపలి సర్క్యూట్ బోర్డును కిటికీ దగ్గర భూతద్దంతో చూశాను. కాళ్లు టంకం వేసిన చోట, ఒకదాని చుట్టూ వెంట్రుకంత సన్నని గుండ్రటి పగులు. ఆనాటి హోండాలకు ఇది తెలిసిన జబ్బే. వేడికి పగులు విచ్చుకుని కరెంటు తెగిపోతుంది, చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. పాత టంకం లాగేసి కొత్తది వేశాను. పగులు కనిపించని కాళ్లకూ వేశాను, ఎందుకంటే వాటి వయసూ అదే. ఆ తర్వాత మే నెల మధ్యాహ్నం రెండింటికి ఎండలోనే నిలబెట్టి తాళం తిప్పితే ‘జుయ్’ మంది. ఈ జబ్బుకి పంపులూ డెల్కోలూ మార్పించుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో అనిపిస్తుంది నాకు.

తర్వాత కూలింగ్. బెజవాడలో బండి ఉన్నవాళ్లకి ఇది ప్రాణంతో సమానం. విప్పి చూస్తే, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్ లేనే లేదు. మనవైపు చాలామంది చేసే పనే ఇది: హీటెక్కుతోందంటే థర్మోస్టాట్ తీసి పారేస్తారు. అప్పటికి సూది కిందికి దిగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. కానీ ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, పికప్ మొద్దుబారుతుంది. అసలు రోగం రేడియేటర్‌లో ఉంది. కూలెంట్‌కి బదులు ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోయడంతో లోపల తుప్పు మడ్డి పేరుకుంది. రేడియేటర్ మార్చి, 78 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ వేసి, మూత కూడా కొత్తది పెట్టి, కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోశాను. థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గరున్న చిన్న బ్లీడ్ బోల్టు వదులు చేసి బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. ఆ గాలి లోపలే ఉండిపోతే కొత్త సామాన్లన్నీ వేసినా బండి హీటెక్కుతుంది.

ఇక టైమింగ్ బెల్ట్, పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే రబ్బరు బెల్టు. నన్ను బాగా టెన్షన్ పెట్టిందీ, బాగా నేర్పిందీ ఇదే. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే పిస్టన్లు పైకొచ్చి తెరిచి ఉన్న వాల్వుల్ని కొడతాయి. ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, విప్పాల్సిందే. బెల్టు ఎప్పుడు మార్చారో పాత ఓనరుకి తెలియదు. తెలియదంటే మార్చలేదనే అనుకోవాలి. కిలోమీటర్లు తక్కువే తిరిగింది కదా అని ఊరుకోవడానికి లేదు, రబ్బరుకి వయసు కూడా లెక్కే.

ఎడమవైపు ముందు చక్రం తీసి, బండిని స్టాండ్ల మీద కూర్చోబెట్టాను. జాకీ ఒక్కటే నమ్ముకుని బండి కిందికి దూరడం ఎవరికీ మంచిది కాదు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ కింద చెక్క పెట్టి ఇంకో జాకీతో ఇంజిన్ బరువు ఆపి, ఆ వైపు మౌంటింగ్ విప్పాను. అసలు అడ్డం క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చివరనున్న పుల్లీ బోల్టు. 17 ఎంఎం తల. కంపెనీ లెక్కలో దాని బిగింపే 181 న్యూటన్ మీటర్లు, ఇరవై ఏళ్లలో ఇంకా బిగుసుకుపోయింది. వేరే కార్లకి రాడ్డు నేలకి ఆనించి సెల్ఫ్ ఒక్కసారి కొట్టి విప్పే చిట్కా ఉంది. ఈ ఇంజిన్ అందరిలా కాకుండా ఎడమకి తిరుగుతుంది కాబట్టి ఆ చిట్కా ఇక్కడ బోల్టుని ఇంకా బిగిస్తుంది. పుల్లీ తిరగకుండా గట్టిగా పట్టుకునే పనిముట్టు కావాలి. పుల్లీ మధ్యలో హోండావాళ్లు అందుకోసమే 50 ఎంఎం హెక్స్ గుంట ఇచ్చారు.

ఆ పనిముట్టు ఆన్‌లైన్‌లో ఉందిగానీ, పటమటలో ఉంటూ ఆటోనగర్‌ని పక్కన పెట్టుకుని ఎక్కడినుంచో తెప్పించుకోవాలనిపించలేదు. 1966లో మొదలైన, బండ్ల వర్క్‌షాపుల పేట ఈ ఆటోనగర్. ఇక్కడ దొరకనిది ఉండదని మావాళ్ల నమ్మకం. ఒక లేత్ షాపుకి వెళ్లి చెప్పాను.

“మాస్టారూ, 50 ఎంఎం హెక్స్ కావాలి. మధ్యలో 17 సాకెట్ దూరేంత బోరు కొట్టాలి. పక్కన రెండడుగుల పట్టీ వెల్డింగ్ చేయాలి.”

“హోండా పుల్లీకా బాబూ?”

“అవునండి.”

“మరి ఆ మాట ముందు చెప్పాలిగా. అంచులకి కాస్త చాంఫర్ కొడతాను, లేకపోతే లోపల సరిగ్గా కూర్చోదు. కూర్చోకుండా బలం పెట్టావంటే పుల్లీ పాడైపోద్ది.”

అంచుల్ని ఏటవాలుగా చెక్కే ఆ చాంఫర్ సంగతి నాకు తట్టనే లేదు. ఆయన చేసిచ్చిన ముక్క పుల్లీలో ‘టక్’ మని కూర్చుంది. పట్టీని నేలకి ఆనించి, సాకెట్ రాడ్డుకి పైపు తొడిగి, నేనూ మా తమ్ముడూ కలిసి బలం పెట్టాం. తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు, బోల్టు వదిలింది.

బెల్టు ఎక్కించడంలో బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. పైన, వాల్వుల్ని నడిపే క్యామ్ పుల్లీ మీద ‘అప్’ అని రాసింది పైకి ఉండాలి, రెండు పక్కల గీతలూ హెడ్ అంచుతో సమానంగా రావాలి, కింద క్రాంక్ గుర్తు కలవాలి. బెల్టు వేశాక టెన్షనర్ బోల్టు వదులు చేసి, క్రాంక్‌ని ఎడమకి క్యామ్ పుల్లీ మూడు పళ్లు కదిలేంతవరకు తిప్పి అక్కడ బిగించాలి. ఆ మూడు పళ్ల కదలికలోనే బెల్టుకి సరైన బిగువు వస్తుంది. తర్వాత చేత్తో కొన్ని చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూసుకోవాలి. ఎక్కడా లోహం తగిలినట్టు ఆగకుండా ఇంజిన్ మెత్తగా తిరిగితే వాల్వులు క్షేమమే. వాటర్ బాడీని, అంటే కూలెంట్ పంపుని, తిప్పేదీ ఈ బెల్టే కాబట్టి దాన్నీ, ఆయిల్ సీళ్లనూ, టెన్షనర్‌నూ అప్పుడే మార్చేశాను. వాటి కోసం మళ్లీ ఇంత విప్పడం ఎందుకు?

టాపెట్లు సెట్ చేయడానికి మా ఊరి వేసవితో పెద్ద తగువే వచ్చింది. హెడ్ వేడి 38 డిగ్రీల లోపు ఉన్నప్పుడే గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు, చూడాలని హోండా లెక్క. మే నెలలో మాకు గాలే 38 దాటేస్తుంది. అందుకని రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, తెల్లారకముందే వాల్వ్ కవర్ విప్పాను. ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22 మి.మీ., ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూర్చి లాగితే పుస్తకంలోంచి కాగితం లాగినట్టు సన్నని పట్టు తెలియాలి. నా బండిలో కొన్ని ఎగ్జాస్ట్ వాల్వులకి ఆ సందే లేదు. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ జారిపోతుంది, కొన్నాళ్లకి వాల్వు కాలిపోతుంది. పోయిన గుర్రాల్లో కొన్ని ఇక్కడే దొరికాయి.

కవర్ తీసినప్పుడే వీటెక్ కూడా చూశాను. ఇన్‌టేక్ వైపు ప్రతి సిలిండర్‌కి మూడు రాకర్లుంటాయి. మామూలు వేగంలో అటూ ఇటూ ఉన్నవి వాటి చిన్న క్యామ్‌ల మీద నడుస్తాయి, మధ్యది ఊరికే ఊగుతుంటుంది. ఆర్‌పీఎం పెరిగి కంప్యూటర్ సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే ఆయిల్ వాల్వు) తెరిస్తే ఆయిల్ ప్రెషర్‌కి లోపలి పిన్నులు జరిగి మూడూ ఒక్కటవుతాయి. అప్పుడు మధ్యనున్న పెద్ద క్యామ్ చెప్పినట్టు వాల్వులు ఎక్కువసేపు, ఎక్కువ ఎత్తు తెరుచుకుంటాయి. మధ్య రాకర్‌ని వేలితో నొక్కితే పక్కవాటితో సంబంధం లేకుండా స్వేచ్ఛగా కదలాలి. నాలుగూ కదిలాయి. సోలెనాయిడ్ ప్యాకింగ్ మాత్రం గట్టిపడి ఆయిల్ కారుతోంది, దాని జాలీలో మడ్డి చేరింది. శుభ్రం చేసి కొత్త ప్యాకింగ్ వేశాను. ఈ వ్యవస్థంతా ఆయిల్ ప్రెషర్ మీద బతుకుతుంది. ఆయిల్ లెవెల్ తగ్గనిచ్చి, వీటెక్ పడట్లేదని బాధపడటంలో అర్థం లేదు.

బ్రేకులు ఒక ఆదివారం పని. ప్యాడ్లు, రబ్బరు గొట్టాలు మార్చాను, డాట్ 4 ఫ్లూయిడ్ పోశాను. గాలి తీసేటప్పుడు పెడల్ మీద మా అమ్మాయి కూర్చుంది. “తొక్కానూ నాన్నా!” అని అరవడం, నేను బ్లీడర్ వదిలి బిగించడం. పెట్రోలు గొట్టాలు కూడా మార్చాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. 2002 నాటి రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఫ్యుయల్ ఇంజెక్షన్ ప్రెషర్‌కి తట్టుకునే గొట్టం, దానికి తగిన క్లాంపులు వేయాలి. మామూలు గొట్టం అక్కడ పెట్టకూడదు.

అన్నీ అయ్యాక హైవే ఎక్కాను. ఆర్‌పీఎం సూది పైకి పోతుంటే గొంతు మారి బండి ఇంకోసారి ఊపిరి తీసుకుని ముందుకు దూకింది. కొన్న రోజున ఆ దూకుడు లేదు. ఒక్క గుర్రాన్నీ బయటినుంచి తేలేదు, ఉన్నవే లేచాయి.

మోడిఫికేషన్ అని చేసింది ఒక్కటే, హెడ్‌లైట్ల వైరింగ్. బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీ బల్బు దాకా వచ్చేసరికి బాగా పడిపోతోందని మల్టీమీటర్ చూపించింది. కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్చులోంచి, సన్నని పాత వైర్లలోంచి వెళ్లడమే కారణం. బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి మందపాటి వైరు లాగి, లో బీమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి రిలేలు పెట్టాను. పాత స్విచ్చు ఇప్పుడు రిలేని మేల్కొలిపే పనే చేస్తుంది. బల్బులు అవే 60/55 వాట్లవి, వెలుతురు మాత్రం తెల్లగా, నిండుగా పడుతోంది. ఎదుటివాడి కళ్లలో కొట్టదు.

అంతకుమించి పోకపోవడానికి చట్టం కూడా ఒక కారణం. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. పదిహేనేళ్లు దాటిన బండికి ప్రతి ఐదేళ్లకీ ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది, ఫిట్‌నెస్‌కి నిలబడాలి. అరిచే సైలెన్సర్ పెట్టుకుని అక్కడ ఏం నిలబడతాం? 2022 ఏప్రిల్ నుంచి రెన్యువల్ ఫీజు 600 నుంచి ఏకంగా 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి ఇప్పుడు 10,000. పాత బండిని పద్ధతిగా చూసుకునేవాణ్ణీ, పొగ కక్కుతూ తిప్పేవాణ్ణీ ఒకే గాటన కట్టడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అయినా కడతాను.

మా తర్వాతి రెన్యువల్ 2027లో. ఈలోపు చక్రాల్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు మార్చాలి, గతుకుల్లో ‘కటక్’ మంటున్నాయి. వాటిని ఎక్కించే ప్రెస్ ఇంట్లో లేదు. ఆర్మ్‌లు నేనే విప్పి ఆటోనగర్‌కి పట్టుకెళ్తాను. బుష్‌లు వచ్చేశాయి, బోల్టులకి ఇప్పట్నుంచే రస్ట్ ఆయిల్ కొడుతున్నాను.