పాలమూరు నేత, ఫలక్‌నుమా బస

ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రి ఉండడానికి ఏయే చీరలు సర్దుకోవాలని మా వదిన అడిగినప్పుడు ఫోన్‌లో చెప్పిన జవాబు సరిపోలేదనిపించింది. అందుకే కొంత విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. రాజభవనంలో బస అనగానే చాలామంది బీరువాలో అన్నిటికన్నా బరువైన పట్టుచీర కోసం వెతుకుతారు. నా అభిప్రాయం వేరు. అటువంటి చోటికి వెళ్లేటప్పుడు ముందు చూసుకోవలసింది కాలాన్ని. ఏ కాలానికి తగినది ఆ కాలానికి, దర్బారు హాలులో సైతం తలెత్తుకుని నిలబడగలిగిన బట్ట, మన దక్షిణ తెలంగాణ మగ్గాల మీదే తయారవుతోంది.

ఆ భవనానికీ మా పాలమూరు జిల్లాకూ సంబంధం లేకపోలేదు. నిజాం కొలువులోని ‘పైగా’ అనే నవాబుల వంశానికి చెందిన సర్ వికారుల్ ఉమ్రా 1884లో దాని నిర్మాణం మొదలుపెట్టారు. తర్వాత అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. పాలమూరు 1890లో మహబూబ్‌నగర్‌గా మారింది ఆయన పేరు మీదనే. 1911లో ఆయన కన్నుమూసింది కూడా ఫలక్‌నుమాలోనే. ఒకసారి తొడిగిన దుస్తులు మళ్లీ తొడిగేవారు కాదని ఆయన గురించి చెప్పుకుంటారు. ఆయన బట్టల కోసం హైదరాబాద్ పాతబస్తీలోని పురానీ హవేలీలో చేయించిన రెండంతస్తుల చెక్క బీరువాల వరుస నేటికీ ఉంది, అక్కడి నిజాం మ్యూజియానికి వెళితే చూడవచ్చు. ఫలక్‌నుమాలో బసకు వెళ్లేవారు వీలు చేసుకుని ముందుగా ఆ బీరువాలను చూసి వెళితే మంచిది. ఎన్నో ఏళ్లు మూతపడి ఉన్న ప్యాలెస్‌ను తాజ్ సంస్థ దాదాపు పదేళ్లపాటు బాగుచేయించి 2010లో హోటల్‌గా తెరిచింది.

ముఖద్వారం నుంచి భవనం మెట్ల దాకా అతిథులను గుర్రపు బగ్గీలో తీసుకెళతారు, మెట్లెక్కుతుండగా పై నుంచి గులాబీ రేకులు చల్లుతారు. చీర కట్టుకునే ఆడవాళ్లు ఆలోచించుకోవలసిన మొదటి విషయం ఇక్కడే ఉంది. బగ్గీ మెట్టు ఎత్తుగా ఉంటుంది, ప్యాలెస్ ఉన్న కొండ మీద గాలి బలంగా వీస్తుంది. కుచ్చిళ్లు నేలను ఊడ్చేలా కాక మడమకు ఒక వేలెడు పైకి ఉండాలి, కొంగును భుజం దగ్గర పిన్నుతో గట్టిగా నిలపాలి. లోపలికి వెళ్లాక పాలరాతి మెట్లు మొదలవుతాయి. ఆ మెట్ల పక్క గోడ పొడవునా బ్రిటిష్ గవర్నర్ జనరళ్ల చిత్రాలు, కటకటాల మీద దీపాలు పట్టుకున్న పాలరాతి బొమ్మలు ఉంటాయి. నున్నటి రాతి మీద ఎత్తు మడమల చెప్పులతో నడవడం కష్టం. అడుగు చదునుగా ఉండే తోలు చెప్పులే మేలు.

ఎండాకాలంలో వెళ్లేవారికి నేను సందేహం లేకుండా చెప్పేది గద్వాల చీర. పాలమూరు ఎండలో పుట్టి పెరిగిన మా అమ్మ, "ఎండల పట్టు కడితే ఒళ్లు ఉడుకుతది బిడ్డా, నూలు కట్టుకో" అంటుంది. ఆ మాటకూ ప్యాలెస్ మర్యాదకూ పొత్తు కుదిర్చింది గద్వాల నేతగాళ్లు. చీర ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు, వాటి మీద జరీ. ఒంటికి తగిలేది చెమటను పీల్చుకునే నూలు, ఎదుటివారి కంట ముందుగా పడేది పట్టు. ఈ రెండింటినీ విడివిడిగా నేసి సూదితో అతికించరు. నేసేటప్పుడే ఒంటిలోని నూలు పేకనూ (అడ్డపోగులనూ) అంచులోని పట్టు పేకనూ ఒకదానిలో ఒకటి చిక్కుకునేలా వరుసవరుసకూ మెలివేస్తారు. కొంగు మొదలయ్యే చోట పని ఇంకా నిదానం, ఎందుకంటే అక్కడ నూలు పడుగు (నిలువు పోగుల) కొసలకు పట్టు పోగుల కొసలను ఒక్కొక్కటిగా చేత్తో కలపాలి. చీరను తిరగేసి, అంచు ఒంటితో కలిసే గీత మీద గోటితో మెల్లగా రాయండి, సన్నని గట్టు ఒకటి తగులుతుంది. నాకు ఆ చీర విలువంతా ఆ గట్టులోనే కనిపిస్తుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు శ్రీవారికి సమర్పించే ఏరువాడ జోడు పంచెలను ఈ గద్వాలలోనే నిష్ఠతో నేస్తారని గుర్తుచేసుకుంటే, ఇక ఏ దర్బారు హాలు ముందూ ఆ చీర తక్కువ కాదని నేను వేరే చెప్పనక్కరలేదు. గంధం రంగు ఒంటికి మెరూన్ అంచు, లేత పసుపుకు నెమలికంఠం అంచు వేసవి సాయంత్రం వరండాలో దీపాల వెలుగుకు ఎంతో నప్పుతాయి.

వానాకాలానికి నారాయణపేట నూలు చీర చాలు. గళ్ల మీద గళ్లు, ముదురు రంగు ఒళ్లు, దానికి ఎదురు రంగు అంచు ఉంటాయి కనుక చినుకు మరకలు ఎత్తి కనిపించవు, తడిసినా త్వరగా ఆరుతుంది. ఈ చీరను మొదటిసారి విడిగా, ఉప్పు వేసిన చల్లని నీళ్లలో జాడించాలి. వానల్లో జరీ చీర తీసుకెళ్లక తప్పదనుకుంటే పాత మెత్తని నూలు గుడ్డలో చుట్టి పెట్టుకోండి, ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకు జరీ నల్లబడుతుంది. సుగంధం చల్లుకునేటప్పుడు కూడా జరీ మీద పడకుండా చూసుకోవాలి.

నిండు పట్టు కట్టుకోవడానికి చలికాలమే సరైనది. అప్పుడు నేను పోచంపల్లి వైపు చూస్తాను. పాత నల్లగొండ జిల్లాలోని ఈ ఊరిని 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇక్కడ రంగు వేసేది నేసిన బట్టకు కాదు, పోగులకు. డిజైనుకు తగ్గట్టు పోగులను కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టు ఉన్న చోట రంగు ఎక్కదు. అందువల్లనే నేసిన తర్వాత డిజైను అంచులు గీత గీసినట్టు కాక కొద్దిగా కరిగినట్టు కనిపిస్తాయి. నూట ఒక్కమంది ఒకేసారి కూర్చోగలిగిన ఫలక్‌నుమా భోజనశాలలో అంతా చెక్కడపు పని, నిగనిగలాడే చెక్క. అంత అలంకారం మధ్య నిండా జరీ ఉన్న చీర కూడా కలిసిపోయి కనిపించకుండా పోతుంది. పోచంపల్లి పట్టు అలా కాదు, అంచులు కాస్త కరిగినట్టున్నా దాని రేఖాకృతులు ఎంత దూరం నుంచైనా నిలిచి కనిపిస్తాయి.

ఏ కాలంలో వెళ్లినా పెట్టెలో పుట్టపాక ఊళ్లో నేసే తేలియా దుపట్టా ఒకటి ఉండాలని నా పట్టుదల. నూనెతోనూ ఆముదపు కాయల బూడిదతోనూ నూలును పదేపదే నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేసే ఈ బట్ట మెత్తగా ఒంటికి ఒదుగుతుంది. ఏసీ గదిలో భుజాల చుట్టూ కప్పుకోవడానికీ, తెల్లవారి తోటలో నడిచేటప్పుడు తలకు కప్పుకోవడానికీ ఇదొక్కటే చాలు. పుట్టపాక తేలియా రుమాలు అని పిలిచే ఈ నేతకు 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అంతకుముందే, 2011లో, ఈ నేతలో దిట్ట అయిన గజం గోవర్ధన్‌ను పద్మశ్రీ వరించింది.

ఇన్ని రాస్తున్నప్పుడు ఒక కోరిక మనసులో మెదులుతూనే ఉంది. ఫలక్‌నుమాలో బస అందరికీ అందే ఖర్చు కాదు. మా వైపు సంస్థానాల కట్టడాలకు కొదవ లేదు. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో చెన్నకేశవ స్వామి ఆలయమూ, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరున డిగ్రీ కళాశాలా ఉన్నాయి. చదువుకు ఉపయోగపడడం మంచిదే, ఆ తరగతులు కదలాలని నేను అనను. శిథిలమవుతున్న భాగాల్లో ఏదో ఒకదాన్ని పద్ధతిగా బాగుచేసి, మధ్యతరగతి వాళ్లు ఇవ్వగలిగే అద్దెకు నాలుగు గదులు ఏర్పాటు చేస్తే, గద్వాల చీర కొనడానికి వచ్చే ఆడవాళ్లు కోటలోనే దిగి, పొద్దున్నే నేత వాడలకు నడిచి వెళ్లి, తమ చీరకు కొంగు ఎలా కలుస్తుందో మగ్గం పక్కన కూర్చుని చూడగలుగుతారు.